ఈ ఒక్క తూము చూడకు

పాలకొల్లులో రొయ్యల మేత కొట్టు పైన
అద్దె గది. కింద బస్తాల వాసన,
పైన ఫ్యాను, నేను, అంచు విరిగిన ల్యాప్‌టాప్.
రాత్రి పదకొండు దాటాక
ఎవరెవరో రాసిన జావాస్క్రిప్టు
నా దగ్గరికి తనిఖీకి వస్తుంది.

పెట్టి వాడని పేర్లు, ఎన్నడూ నిజం కాని షరతు,
మూడు ఉండాల్సిన చోట ఒక్కటే ఉన్న సమానం గుర్తు.
ఇవన్నీ పాత పనిముట్టూ పట్టేది,
యాభై మూడు సెకన్లకి.
ఆలోగా మనిషి ఫోను తీస్తాడు, టీకి లేస్తాడు,
మూడో రోజు తనిఖీయే మానేస్తాడు.
ఆలస్యంగా వచ్చే హెచ్చరిక
గండి పడ్డాక మోగే గంట.

ఆ మాట నాది కాదు,
నేతల ఏసుపాదం గారిది.
నరసాపురం కాలువ మీద ముప్పయ్యొక్క ఏళ్లు లస్కరు.
ఇప్పుడు మా వీధి చివర పంక్చర్లు వేస్తారు.
నీళ్ల తొట్లో ట్యూబు ముంచి
బుడగ ఎక్కడ లేస్తుందా అని చూసే ఆ కళ్లు
ఇంకా గట్టు దిగలేదు.

"నీ పనేంటమ్మాయ్?" అన్నారోసారి.
చెప్పడానికి తంటాలు పడ్డాను.
రాత ఎంత పొడుగైనా ముందు విడదీస్తానండి,
ధవళేశ్వరం దగ్గర నీళ్లు చీలినట్టు,
పెద్ద కాలువ, పిల్ల కాలువ, బోదె,
బోదె చివర ఒక మడి,
ఆ మడిలో ఒక్క గుర్తు.
అక్కణ్ణించి వెనక్కి ఎక్కుతూ
ఎక్కడ కారుతోందో చూస్తానండి.
"ఒక్కదానివేనా?"
ఎనిమిది మందినండి. ఒకేసారి,
కాలువకొకణ్ణి పంపుతాను.
"మా సెక్షన్లో ఇద్దరం," నవ్వారాయన,
"అందులో ఒకడు సెలవు."

యాభై మూడు, అర సెకను లోపుకి దిగిన రాత్రి
నమ్మలేదు. మళ్లీ నడిపాను.
దోమల బ్యాటు కింద పెట్టి ఇంకోసారి నడిపాను.
సగం ఫైళ్లు చదవడం మరిచిందేమో అనుకున్నాను.
నిజంగానే మరిచింది.
అది దిద్దాక కూడా అర సెకనే.

లస్కరు అని పేరు పెట్టి
లోపలి రాతతో సహా అందరికీ వదిలేశాను.
గట్టు మీద దారికి టోలేమిటి?
ఎస్తోనియా నుంచి ఎవరో మొదటి దిద్దుబాటు పంపాడు:
తప్పులు పట్టే పనిముట్టుకి నేను రాసిన ముందుమాటలో
అచ్చుతప్పు ఉందట.
ఓ పెద్ద కంపెనీ వాడుతోందని
వాళ్ల విసుగు వల్ల తెలిసింది:
సరైన వరసని తప్పంటోంది, సోమవారంలోగా చూడండి.

"తడిసిన చోటల్లా బుంగ కాదమ్మాయ్.
వేలు పెట్టి చూడాలి.
మట్టి వస్తే బుంగ.
తేట నీళ్లొస్తే ఊట, వదిలెయ్."
ఆ సోమవారం
నా పనిముట్టుకి వేలు మొలిచింది.

తర్వాత వాళ్లే ఇంకో కోరిక పంపారు.
"ఈ వరస చూడకు" అని పైన రాస్తే
నోరు మూసుకుని దాటిపోవాలట.
అందరి పనిముట్లకీ ఉన్న వీలే.
పది నిమిషాల పని.

ట్యూబుకి ఉప్పుకాగితం రుద్దుతూ
అడగకుండానే చెప్పారాయన:
చెరువులాయన ఒకడు రాత్రికి రాత్రి
గట్టు కోసి దొంగ తూము పెట్టాడు.
"ఈ ఒక్క తూము చూడకు ఏసుపాదం"
అంటూ చొక్కా జేబు తడిమాడు.
ఏం చేశారండి?
"చూశాను. చూడొద్దన్నాడని కూడా
రిజిస్టర్లో రాశాను. ఎవరు, ఎందుకు, ఏ తేదీ.
నన్ను బదిలీ చేశారు.
రిజిస్టరుని చెయ్యలేదుగా."

మేడెక్కి పది నిమిషాల పని
మూడు రాత్రులు చేశాను.
చూడకు అనొచ్చు.
ఎందుకో రాయకుండా అనకూడదు.

చాలామంది తిట్టారు. కొందరు వెళ్లిపోయారు.
ఆ కంపెనీ వాళ్లు ఉన్నారు,
నిన్న వాళ్ల రాతలో ఒకచోట చూశాను:
ఈ వరస చూడకు.
కారణం: తెలీదు. నాకు ముందున్నవాడు పెట్టాడు,
తీస్తే ఏమవుతుందోనని భయం.

నియమం ప్రకారం అది కారణమే.
పనిముట్టు ఒప్పుకుని దాటిపోయింది.
నేను మాత్రం అక్కడే ఆగాను,
వేలు పెడితే
మట్టి వస్తుందో, తేట నీళ్లొస్తాయో.